స్పెయిన్ నగరాల్లో ఇద్దరి బస్సు ప్రయాణం: వీపు సంచులతో, తక్కువ ఖర్చుతో పన్నెండు రాత్రులు

స్పెయిన్‌లో రైలు వేగంగా వెళ్తుంది, బస్సు చౌకగా వెళ్తుంది. ఈ మార్గదర్శి రెండో దారిని ఎంచుకున్న భార్యాభర్తల కోసం. మాడ్రిడ్‌లో దిగి, గ్రనాడా, సెవిల్లా, కోర్దోబా చూసి మళ్లీ మాడ్రిడ్‌కే చేరే ప్రయాణాన్ని ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నాను. చాలామంది రోజువారీ ఖర్చును బిగించడం మీద దృష్టి పెడతారు. అయితే ఏది ముందు ఖాయం చేసుకోవాలి, ఏది తరవాత అన్న వరుసలోనే ఎక్కువ డబ్బు మిగులుతుంది, లేదా పోతుంది. అందుకే కింది అంచెలను ఇదే క్రమంలో చదవాలని మనవి.

1. ముందు దారి గీసుకోండి

బస్సు ప్రయాణానికి ఒక నియమం పెట్టుకోండి: ఏ విడత కూడా అయిదారు గంటలు దాటకూడదు. దాటిందంటే ఒక పగలు పూర్తిగా సీటులోనే పోతుంది, మర్నాడు కూడా అలసటతోనే మొదలవుతుంది. ఆ నియమానికి బాగా కుదిరే వలయం ఇది.

- మాడ్రిడ్: 3 రాత్రులు. అందులో ఒక పగలు దగ్గర్లోని తొలేదో అనే పాత నగరానికి వెళ్లి రావచ్చు.
- గ్రనాడా: 3 రాత్రులు. మాడ్రిడ్ నుంచి సుమారు 5 గంటలు.
- సెవిల్లా: 3 రాత్రులు. గ్రనాడా నుంచి సుమారు 3 గంటలు.
- కోర్దోబా: 2 రాత్రులు. సెవిల్లా నుంచి సుమారు 2 గంటలు.
- మాడ్రిడ్: 1 రాత్రి. కోర్దోబా నుంచి సుమారు 5 గంటలు.

బార్సిలోనాను ఇందులో ఎందుకు చేర్చలేదని అడుగుతారు. మాడ్రిడ్ నుంచి అక్కడికి బస్సులో ఎనిమిది గంటల దాకా పడుతుంది. తప్పనిసరిగా చూడాలనుకునేవారు విమానాన్ని బార్సిలోనాలో దిగేలా, మాడ్రిడ్ నుంచి తిరిగి ఎక్కేలా తీసుకోవాలి. మధ్యలో జరగోజాలో ఒక రాత్రి ఆగితే ఆ దూరం నాలుగేసి గంటల రెండు విడతలుగా విడిపోతుంది. ఇందుకు కనీసం నాలుగు రాత్రులు అదనంగా కావాలి. పన్నెండు రాత్రుల్లోనే దాన్ని ఇరికించడం మాత్రం మంచి ఆలోచన కాదు.

కాలం విషయంలో ఏప్రిల్, మే నెలలు, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా అనుకూలం. జులై, ఆగస్టు నెలల్లో సెవిల్లా, కోర్దోబాల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. రెంటచింతల ఎండ చూసినవారికైనా సంచి మోస్తూ తిరగడానికి అది తగిన కాలం కాదు. ఈస్టర్‌కు ముందు వారంలోనూ, సెవిల్లాలో వసంతకాలపు జాతర రోజుల్లోనూ, మే నెలలో కోర్దోబాలో ఇళ్ల లోపలి ఆవరణల పూల ఉత్సవం జరిగే రోజుల్లోనూ గదుల ధరలు బాగా పెరుగుతాయి. తేదీలు ఖాయం చేసే ముందు ఈ మూడింటినీ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

2. వీసా దరఖాస్తు

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ (చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే) స్వల్పకాలిక వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పదిహేను రోజుల ముందు వరకు దరఖాస్తు చేయవచ్చు. కానీ అపాయింట్‌మెంటు దొరకడానికి సమయం పడుతుంది కనుక మూడు నెలల ముందే మొదలుపెట్టడం క్షేమం. స్పెయిన్ దరఖాస్తులను బీఎల్‌ఎస్ సంస్థ స్వీకరిస్తుంది, హైదరాబాదులో కూడా దాని కేంద్రం ఉంది. పెద్దవారికి వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. కేంద్రం తీసుకునే సేవా రుసుము దీనికి అదనం.

సిద్ధం చేసుకోవాల్సినవి:

- షెంగెన్ ప్రాంతం నుంచి తిరిగి వచ్చే తేదీ తరవాత కనీసం మూడు నెలలు చెల్లే, పదేళ్లలోపు జారీ అయిన, రెండు ఖాళీ పేజీలున్న పాస్‌పోర్టు
- కనీసం 30,000 యూరోల వైద్య బీమా, ప్రయాణపు రోజులన్నిటికీ
- రానుపోను విమాన రిజర్వేషను
- ప్రతి రాత్రికీ బస రుజువు, ఇద్దరి పేర్లతో
- ఇద్దరి బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉద్యోగ లేదా వ్యాపార పత్రాలు
- ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారో చెప్పే ఒక పేజీ ప్రణాళిక

దంపతులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఇద్దరూ కలిసి వెళ్తున్నా దరఖాస్తులు వేర్వేరు. ఒకరి ఖర్చును మరొకరు భరిస్తుంటే ఆ మాట లేఖలో రాసి, వివాహ ధ్రువపత్రం జతచేయాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలాగా, ధ్రువపత్రంలో మరోలాగా ఉంటే ఒక వాక్యంలో వివరణ ఇవ్వండి. మన ఇంటిపేర్ల విషయంలో ఈ చిక్కు తరచుగా వస్తుంది.

మరొక మాట. మీరు రోజుకు తక్కువే ఖర్చు చేయబోతున్నా, స్పెయిన్ ప్రభుత్వం మనిషికి రోజుకు వంద యూరోలకు పైగా స్తోమత చూపించమంటుంది. పొదుపు ప్రయాణం కదా అని ఖాతాలో పొదుపు మొత్తమే చూపిస్తే దరఖాస్తు బలహీనపడుతుంది.

3. బుకింగుల వరుస

ఈ ప్రయాణం మొత్తానికి ఇరుసు అల్హంబ్రా టికెట్టు. గ్రనాడాలోని ఆ కోటలో నస్రిద్ రాజమందిరాలకు రోజుకు ఇంతమందే అన్న పరిమితి ఉంది, టికెట్టు మీద ప్రవేశ సమయం ఉంటుంది, వసంతకాలంలో వారాల ముందే అమ్ముడవుతుంది. బస్సులు రోజుకు చాలా ఉంటాయి, గదులూ దొరుకుతాయి, ఈ టికెట్టు మాత్రం దొరకకపోవచ్చు. కనుక ఇలా చేయండి.

1. రద్దు చేసుకోగలిగే గదులను బుక్ చేసి వీసాకు దరఖాస్తు చేయండి.
2. వీసా చేతికి రాగానే, అదే రోజు, అల్హంబ్రా అధికారిక వెబ్‌సైటులో ఇద్దరికీ ఒకే సమయానికి టికెట్లు కొనండి. కోరుకున్న రోజు దొరక్కపోతే గ్రనాడాలో ఉండే మూడు రోజుల్లో మరొక రోజు చూడండి. అదీ లేకపోతే గ్రనాడా, సెవిల్లా తేదీలను జరపండి. గదులను రద్దు చేయగలిగేలా తీసుకోమన్నది ఇందుకే.
3. తేదీలు స్థిరపడ్డాక సెవిల్లాలోని అల్కాసర్ రాజమందిరం టికెట్లు కొనండి.
4. తరవాత ఊరికీ ఊరికీ మధ్య బస్సులు.
5. చివరగా, వీలుంటే, గదులను తక్కువ ధరకు మార్చుకోండి.

అల్హంబ్రా టికెట్టు మీద పేరు, పాస్‌పోర్టు నంబరు ఉంటాయి. లోపల కూడా తనిఖీ చేస్తారు కాబట్టి అసలు పాస్‌పోర్టులు వెంట ఉండాలి. ప్రధాన ద్వారం నుంచి నస్రిద్ మందిరాల దాకా నడవడానికే పావుగంటకు పైగా పడుతుంది. టికెట్టు మీది సమయం ఆ మందిరాల తలుపు దగ్గరిది, ప్రధాన ద్వారానిది కాదు. ముప్పావుగంట ముందే పైకి చేరండి. టికెట్లు అస్సలు దొరకనివారికి తోటలు, కోట బురుజుల వరకే చెల్లే టికెట్టు, రాత్రి సందర్శన అనే రెండు దారులున్నాయి. ఆ కోటలోనే ఉన్న అయిదో చార్లెస్ మందిరం ఆవరణలోకి టికెట్టు లేకుండానే వెళ్లవచ్చు.

4. గది ఎంపిక

స్పెయిన్‌లో ‘ఓస్తాల్’ అన్న బోర్డు కనిపిస్తే అది పడకలు వరసగా వేసిన డార్మిటరీ అనుకోకండి. అది కుటుంబాలు నడిపే చిన్న లాడ్జి వంటిది, అందులో గదులు విడివిడిగా ఉంటాయి. ఇద్దరు మనుషులకు డార్మిటరీలో రెండు పడకలు తీసుకుంటే అయ్యే ధరకు, కొంచెం అటూ ఇటూగా, ఓస్తాల్‌లో సొంత గది వస్తుంది. ఒంటరి ప్రయాణికులకు డార్మిటరీ లాభం, దంపతులకు చాలాసార్లు కాదు. లెక్క వేసి చూసుకోండి.

బుక్ చేసే ముందు చూడాల్సినవి:

- స్నానాల గది లోపల ఉందా, అందరికీ కలిపి ఒకటేనా
- రెండు మంచాలా, ఒకటే పెద్ద మంచమా
- లిఫ్టు ఉందా, ఎన్నో అంతస్తు
- రిసెప్షను రాత్రి ఎన్ని గంటల వరకు ఉంటుంది
- గది ఖాళీ చేశాక సంచులు ఉంచుకోనిస్తారా

చోటు ఎంచుకునేటప్పుడు ఊరి నడిబొడ్డు కంటే బస్టాండుకు దారి ముఖ్యం. మాడ్రిడ్‌లో దక్షిణ బస్టాండు మెందెస్ ఆల్వరో మెట్రో స్టేషను దగ్గర ఉంది. అతోచా, లవాపియెస్ పరిసరాల్లో గది తీసుకుంటే అక్కడికి సులువుగా చేరవచ్చు. గ్రనాడా బస్టాండు ఊరికి దూరంగా ఉంటుంది, అక్కడి నుంచి మెట్రో, సిటీ బస్సు రెండూ ఉన్నాయి. ఆ ఊళ్లో అల్బయిసిన్ కొండ మీది గదుల ఫొటోలు చూసి మోజుపడతారు. రాళ్లు పరచిన ఎత్తు సందుల్లో రాత్రిపూట సంచి మోయడం మాత్రం ఫొటోలో కనిపించదు. కింద గ్రాన్ వియా వైపు ఉండి, సాయంత్రం ఖాళీ చేతులతో కొండ ఎక్కడం మేలు.

బసలో దిగినప్పుడు ఇద్దరి పాస్‌పోర్టు వివరాలూ నమోదు చేయడం అక్కడి చట్టం. అందులో సందేహించాల్సింది ఏమీ లేదు.

5. బస్సు టికెట్లు

స్పెయిన్‌లో దూరప్రాంతపు బస్సు దారులను ప్రభుత్వం సంస్థలకు కేటాయిస్తుంది. సాధారణంగా ఒక దారిలో ఒకే సంస్థ నడుపుతుంది. అందువల్ల పది వెబ్‌సైట్లు తిరిగి ధరలు పోల్చడం వృథా. ఆ దారి ఎవరిదో తెలుసుకొని, వారి సొంత వెబ్‌సైటులోనే కొంటే మధ్యవర్తి రుసుము తప్పుతుంది. అన్నిటికంటే పెద్దది ఆల్సా. మాడ్రిడ్–గ్రనాడా, మాడ్రిడ్–తొలేదో దారులు దానివే. ఈ వలయంలోని నాలుగు పెద్ద విడతలకు కలిపి మనిషికి సుమారు 80 నుంచి 100 యూరోలు కేటాయించుకుంటే సరిపోతుంది.

కొనేటప్పుడు గమనించండి:

- ఒకే ఊరికి ఆగకుండా వెళ్లే బస్సు, ఊరూరా ఆగే బస్సు రెండూ ఉంటాయి. ధర కాదు, ప్రయాణ సమయం చూసి ఎంచుకోండి.
- రోజుల గుర్తుల్లో ‘లబొరాబ్లెస్’ అంటే పని రోజులు, ‘ఫెస్తీవోస్’ అంటే సెలవు రోజులు. ఆదివారాల్లో, సెలవుల్లో బస్సులు తగ్గుతాయి. మే 1, అక్టోబరు 12, నవంబరు 1, డిసెంబరు 6, 8 దేశమంతటా సెలవులు.
- పక్కపక్క సీట్లు ఎంచుకోవడానికి అదనపు రుసుము అడుగుతుంటే, రెండు టికెట్లు ఒకే లావాదేవీలో కొంటే చాలు, చాలావరకు పక్కపక్కనే ఇస్తారు.
- బస్టాండు పేరు పూర్తిగా చదవండి. సెవిల్లాలో ప్లాసా దె ఆర్మాస్, ప్రాదో దె సాన్ సెబాస్తియాన్ అనే రెండు బస్టాండ్లున్నాయి. ఒకదాని నుంచి మరొకదానికి నడవాలంటే అరగంట పడుతుంది.
- తొలేదో బస్సు మాడ్రిడ్ దక్షిణ బస్టాండు నుంచి కాదు, ప్లాసా ఎలీప్తికా నుంచి బయలుదేరుతుంది.

తొలేదోకు ముందుగా కొననక్కర్లేదు, బస్సులు తరచుగా ఉంటాయి. తక్కినవాటికి రెండు మూడు వారాల ముందు కొంటే మంచి సమయం దొరుకుతుంది.

6. బస్టాండులో, బస్సులో

అరగంట ముందు చేరండి. మహాత్మా గాంధీ బస్ స్టేషనులో ప్లాట్‌ఫారం నంబరు వెతుక్కున్నట్టే ఇక్కడ ‘దార్సెనా’ నంబరు వెతుక్కోవాలి. తెర మీద ఆ నంబరు బయలుదేరే సమయానికి కాస్త ముందు మాత్రమే కనిపిస్తుంది. బస్సు నుదుట రాసి ఉండేది చివరి ఊరి పేరు, మీరు దిగే ఊరు కాకపోవచ్చు. టికెట్టు మీది సమయం, సంస్థ పేరు కూడా సరిచూసుకోండి.

పెద్ద సంచిని కింద డిక్కీలో మీరే పెట్టాలి. దారిలో ఆగే బస్సయితే కిటికీ వైపు కూర్చున్నవారు ఆగిన ప్రతిచోటా డిక్కీ వైపు ఓ కన్ను వేయాలి. పాస్‌పోర్టులు, డబ్బు, ఫోన్లు, మందులు ఎప్పుడూ ఒళ్లోని చిన్న సంచిలోనే ఉండాలి. తల పైని అరలో కూడా వద్దు.

పెద్ద విడతల్లో డ్రైవరు రోడ్డు పక్కన హోటలు దగ్గర ఆపి, ఎన్ని నిమిషాలో స్పానిష్‌లో మాత్రమే చెబుతాడు. ‘బెయింతె’ అంటే ఇరవై, ‘త్రెయింత’ అంటే ముప్ఫై. దిగగానే బస్సు నంబరు ప్లేటు ఫొటో తీసుకోండి. తిరిగి వచ్చేసరికి అదే రంగు బస్సులు మరో రెండు ఆగి ఉండవచ్చు.

ఒకవేళ బస్సు తప్పిపోతే వెంటనే ఆ సంస్థ టికెట్టు కౌంటరుకు వెళ్లండి. కౌంటరును ‘తకియా’ అంటారు. బయలుదేరే సమయానికి ముందే వెళ్లగలిగితే టికెట్టు మార్చే వీలు ఎక్కువ, దాటిపోతే చాలావరకు కొత్తది కొనాల్సిందే.

7. సంచి

మనిషికి ఒక సంచి, 40 లీటర్ల లోపు. అయిదు రోజుల బట్టలు చాలు, రెండోవారంలో సెవిల్లాలో నాణేలతో నడిచే లాండ్రీలో ఉతుక్కోవచ్చు. ‘నా బట్టలు నీ సంచిలో, మందులు నా సంచిలో’ అని పంచుకోకుండా, ప్రతి సంచిలోనూ ఇద్దరికీ ఒక జత బట్టలు ఉండేలా సర్దండి. ఒకటి పోయినా ఇద్దరికీ రోజు గడుస్తుంది.

ప్లగ్గులు గుండ్రటి రెండు పిన్నులవి, కరెంటు 230 వోల్టులే. మన ఫోన్ల సన్నపాటి రెండు పిన్నుల చార్జర్లు సరిగ్గానే పడతాయి, మూడు పిన్నులవాటికి అడాప్టరు కావాలి.

ఆవకాయ, కందిపొడి తీసుకెళ్లవచ్చు. నూనె పచ్చడి చెక్-ఇన్ సంచిలోనే వెళ్లాలి. పాలకోవా, నెయ్యి, మాంసం వద్దు, బయటి దేశాల నుంచి పాల, మాంస పదార్థాలు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది.

8. తిండి

అక్కడి వేళలకు లొంగితే ఖర్చు తగ్గుతుంది. మధ్యాహ్న భోజనం రెండు నుంచి నాలుగు దాకా, రాత్రి భోజనం తొమ్మిది తరవాత. పని రోజుల్లో మధ్యాహ్నం ‘మెను దెల్ దీయా’ అని బోర్డు పెడతారు. మొదటి వంటకం, రెండో వంటకం, రొట్టె, పానీయం, చివర తీపి లేదా కాఫీ, అన్నీ కలిపి సుమారు 12 నుంచి 16 యూరోలు. అదే పెద్ద భోజనంగా చేసి, రాత్రికి సూపర్‌మార్కెటు నుంచి రొట్టె, పండ్లు, పెరుగు తెచ్చుకుంటే ఇద్దరికీ రోజుకు 40 యూరోల్లో సరిపోతుంది. మెర్కదోనా వంటి సూపర్‌మార్కెట్లు ఆదివారం మూసి ఉంటాయి కనుక శనివారమే కొనుక్కోండి. గ్రనాడాలో పానీయం అడిగితే చిన్న పళ్లెంలో తినుబండారం ఉచితంగా వస్తుంది. కుళాయి నీళ్లు తాగవచ్చు, సీసాలు కొననక్కర్లేదు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. ‘మాంసం లేకుండా’ అంటే వారి దృష్టిలో చేప, ‘హమోన్’ అనే పంది తొడ మాంసపు ముక్కలు లేకుండా అని కాదు. ‘వెహెతాల్’ అని రాసిన శాండ్‌విచ్‌లో ట్యూనా చేప, గుడ్డు ఉండటం సాధారణం. పప్పు కూరలో కూడా చోరీసో అనే పంది మాంసపు సాసేజి ముక్కలు వేస్తారు. ఈ వాక్యాన్ని ఫోనులో ఉంచుకొని చూపించండి: ‘సోమోస్ వెహెతారియానోస్. నో కొమేమోస్ కార్నె, ని హమోన్, ని పెస్కాదో, ని అతూన్.’

నిశ్చింతగా అడగదగినవి:

- పాన్ కోన్ తొమాతె: టమాటా రాసిన రొట్టె
- పతాతాస్ బ్రావాస్: కారపు సాస్‌తో వేయించిన బంగాళాదుంపలు. సాస్‌లో మాంసపు రసం వాడారేమో అడగండి.
- బెరెంహేనాస్ కోన్ మియెల్: తేనె లేదా చెరకు పాకంతో వంకాయ వేపుడు, కోర్దోబాలో బాగుంటుంది
- ఎస్పినాకాస్ కోన్ గర్బన్సోస్: పాలకూర, సెనగలు, సెవిల్లా వంటకం
- గుడ్డు తినేవారికి తొర్తియా దె పతాతాస్: బంగాళాదుంపల ఆమ్లెట్టు

ఎర్రటి సాల్మొరెహో చల్ల సూప్ మీద హమోన్, గుడ్డు చల్లుతారు, చల్లవద్దని ముందే చెప్పాలి. మాడ్రిడ్‌లో మన వంట సరుకులు కావాలంటే లవాపియెస్‌లో దక్షిణాసియా దుకాణాలున్నాయి.

9. ఉచిత వేళలు

ఇవి రోజుల క్రమాన్నే మార్చగలవు, అందుకే ముందుగా సరిచూసుకోండి. మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియం సోమవారం నుంచి శనివారం వరకు సాయంత్రం 6 నుంచి 8 వరకు, ఆదివారం 5 నుంచి 7 వరకు ఉచితం. వరుస పొడుగ్గా ఉంటుంది, ముప్పావుగంట ముందు నిలబడండి. రెయినా సోఫియా మ్యూజియానికి మంగళవారం సెలవు.

కోర్దోబాలో ఒకప్పటి మసీదు, ఇప్పటి చర్చి అయిన మెస్కీతాలోకి ఆదివారం తప్ప తక్కిన రోజుల్లో ఉదయం 8.30 నుంచి 9.30 వరకు ఉచిత ప్రవేశం ఉంటుంది. సెవిల్లా నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవారికి ఆ గంట అందదు. ఆ స్తంభాల మధ్య జనం లేని వేళ చూడగలగడం కోసమైనా కోర్దోబాలో రాత్రి ఉండాలి.

10. డబ్బు, సిటీ ప్రయాణం

లెక్క సులువుకు యూరోకు వంద రూపాయలనుకోండి. విమానం, వీసా కాకుండా ఇద్దరికీ కలిపి రోజుకు గది 50 నుంచి 75, తిండి 40, ప్రవేశ రుసుములు, సిటీ ప్రయాణం 25, బస్సుల సగటు 15 యూరోలు. అంటే రోజుకు 130 నుంచి 155 యూరోలు.

ఇద్దరి దగ్గరా వేర్వేరు ఖాతాల కార్డులుండాలి. కార్డు మెషీను ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం ధరలో నష్టపోతారు.

మాడ్రిడ్‌లో పది ప్రయాణాల టికెట్టు వేసిన ఒకే కార్డును ఇద్దరూ వాడవచ్చు. గేటు దగ్గర ఒకరు దాటాక మరొకరు అదే కార్డు తాకించాలి. బార్సిలోనాకు వెళ్లేవారు మాత్రం అక్కడి టీ-కాజువల్ కార్డును పంచుకోలేరు, మనిషికొకటి కొనాలి.

11. దొంగతనం జరిగితే

మాడ్రిడ్‌లో సోల్ పరిసరాలు, ఆదివారం రాస్త్రో సంత, మెట్రో తలుపుల దగ్గర తోపులాట, బార్సిలోనాలో రాంబ్లా వీధి: జేబుదొంగలు వీటిలోనే ఎక్కువ. గ్రనాడాలో చర్చి దగ్గర ఆకుకొమ్మ చేతిలో పెట్టి జాతకం చెప్పి డబ్బు అడిగేవారుంటారు, తీసుకోకుండా ముందుకు నడవండి.

1. కార్డులను ఫోనులోని బ్యాంకు యాప్ నుంచి వెంటనే ఆపండి.
2. పోలీసు స్టేషనులో ‘దెనూంసియా’ అనే ఫిర్యాదు రాయించి, కాపీ తీసుకోండి. బీమాకు, కొత్త పాస్‌పోర్టుకు అది కావాలి. మాడ్రిడ్‌లో లెగనితోస్ వీధి స్టేషనులో విదేశీ పర్యాటకుల కోసం ప్రత్యేక విభాగం ఉంది.
3. పాస్‌పోర్టు పోతే మాడ్రిడ్‌లోని భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించండి.

ప్రాణాపాయం ఉంటే 112కు ఫోను చేయాలి. ఒకరి పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు మరొకరి ఫోనులో ఉండేలా ఇంటి దగ్గరే పంపుకోండి.

12. చివరి రాత్రి

విమానం ఉన్న రోజున కోర్దోబా నుంచి బస్సు ఎక్కవద్దు. దారిలో రెండు గంటలు ఆలస్యమైతే విమాన టికెట్టు ధర మొత్తం పోతుంది. ముందు రోజు మధ్యాహ్నానికి మాడ్రిడ్ చేరి, అతోచా దగ్గర గది తీసుకోండి. అక్కడి నుంచి విమానాశ్రయానికి 203 నంబరు ఎక్స్‌ప్రెస్ బస్సు పగటిపూట నడుస్తుంది, ధర 5 యూరోలు. రాత్రి వేళల్లో ఆ బస్సు అతోచా దాకా రాదు, సిబేలెస్ కూడలి దగ్గర ఎక్కాలి. తెల్లవారుజామున విమానం ఉన్నవారు ఈ సంగతి ముందు రోజు సాయంత్రమే చూసుకొని, టికెట్టు మీద ఏ టెర్మినలో కూడా గుర్తించి పెట్టుకోవాలి. నాలుగో టెర్మినల్ తక్కిన మూడింటికీ దూరంగా ఉంటుంది.